ప్రమాణం చేయించే ముందు నేనడిగిన ప్రశ్న

కోర్టు గుమాస్తా అంటే దస్త్రాల కట్ట విప్పి, మళ్ళీ కట్టేవాడని మా బంధువుల్లో చాలామంది అభిప్రాయం. నేను రిటైరైన రోజు కూడా మా బావమరిది అదే అన్నాడు. "ఇన్నేండ్లు దుమ్ము తప్ప ఏం సూసినావు బావా?" అని. దేవుణ్ణి చూశానని చెప్పేంత మొనగాణ్ణి కాను. కానీ దేవుడి పేరెత్తేటప్పుడు మనుషుల మొహాలెట్లా మారతాయో నేను చూసినంత దగ్గరగా పూజారులు కూడా చూసి ఉండరు. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

కోర్టుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ కాగితం ఏ బీరువాలో పెట్టాలో నేర్పడానికి మీ పైవాళ్ళున్నారు. వాళ్ళు నేర్పనిదే నేను చెబుతాను.

నా పని

పందొమ్మిది వందల యాభైల్లో ఆదోనిలో ఒక సివిల్ కోర్టులో చిన్న గుమాస్తాగా ఉండేవాణ్ణి. అప్పట్లో ఒక పద్ధతి ఉండేది, తర్వాత చట్టం మారి అది పోయింది. సాక్ష్యాలు తేలని వ్యాజ్యంలో ఒక పక్షంవాడు లేచి, "అవతలి మనిషి ఫలానా చోట, ఫలానా తీరున దేవుడి ముందు ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను" అని అనవచ్చు. అవతలి మనిషి ఒప్పుకుని ప్రమాణం చేశాడా, వ్యాజ్యం అక్కడితో సరి. అన్నవాడు ఇక దాన్ని కాదనడానికి లేదు. ప్రమాణం చేయనంటే బలవంతమూ లేదు. కాకపోతే ఏ ప్రమాణం అడిగారో, ఎందుకు చేయలేదో కోర్టు రాసి పెట్టుకోవాలి.

గుడి దగ్గరో మసీదు దగ్గరో చేయించవలసి వస్తే, అక్కడికి కోర్టు ఒకణ్ణి కమిషనరుగా పంపుతుంది. కమిషనరు అనగానే కారూ జవానూ అనుకోకండి. బస్సెక్కి, దిగి, మిగతా దూరం నడిచి, ఎండకు మాడి, ఎవడో చెప్పే నాలుగు ముక్కలు రాసుకొచ్చేవాడు. ఆ పని ఎవరికీ గిట్టేది కాదు. అందుకని నాకిచ్చారు.

మా శిరస్తాదారు, అంటే గుమాస్తాలందరికీ పెద్ద, వెంకోబారావు గారు పరమ మాధ్వులు. ఆయన దృష్టిలో దేవుడు యజమాని, మనం నౌకర్లం; ఆయన వేరు, మనం వేరు, ఎన్ని జన్మలెత్తినా ఆ తేడా చెరగదు. ఆఫీసులో కూడా ఆయన ఇదే సిద్ధాంతం నడిపేవారు. నేనూ మంత్రాలయం దగ్గర గుడి సేవలో బతికిన ఇంటివాణ్ణే. దేవుడంటే నాకు గర్భగుడి, దీపం, తీర్థం. లోకమంతా దేవుణ్ణి ఇట్లాగే అనుకుంటుందని, పేరు మాత్రమే మారుతుందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా చేత తప్పు చేయించింది.

ఖాదర్ సాబు

చేరిన మొదటి ఏడాదే, ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దే ఖాదర్ సాబు అనే పెద్దమనిషి చేత మసీదులో ప్రమాణం చేయించి రమ్మని పంపారు. వాళ్ళింటికీ పొరుగింటికీ మధ్యన ఉన్న సందు ఎవరిదన్నది తగాదా. పొరుగాయన "సాబు మసీదులో నిలబడి సెప్తే నాకు సమ్మతం" అన్నాడు. నేను పొద్దున పది గంటలకు పోయి మసీదు మెట్ల దగ్గర నిలబడ్డాను. ఖాదర్ సాబు మోచేతుల దాకా నీలిరంగుతో వచ్చాడు.

"బాబూ, నేను ఇట్లా చెప్పను. ఈ రంగు పోయేదాకా తోముకోవల్ల, వజూ చేసుకోవల్ల. పగటి నమాజు అయినాంక చెప్తా. కూకోండి, టీ తాగండి," అన్నాడు.

నాకు పన్నెండింటికి ఆదోని బస్సు. పైగా, కాళ్ళూ చేతులూ కడుక్కునేదానికి అంత సేపెందుకు, ఈయన దాటవేస్తున్నాడని లోపల ఒక అనుమానం. దేవుడు ఎక్కడికీ పోడు కదా, చెప్పేదేదో ఇప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ప్రమాణం చేయడానికి నిరాకరించారు" అని రాసుకుని బస్సెక్కాను. ఎందుకో రాయలేదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అవతలి వకీలు చెలరేగిపోయాడు. ఖాదర్ సాబు సందు పోగొట్టుకున్నాడు.

నేను రాసిన వాక్యం ఎంత పని చేసిందో తెలిశాక నాకు అన్నం సయించలేదు. ఎమ్మిగనూరు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆయన తిడితే బాగుండేది. తిట్టలేదు. మా దేవుడు ఎట్లుంటాడో నీకు తెలియదు కదా బాబూ అని, కూర్చోబెట్టి చెప్పాడు.

"ఆయనకు రూపం లేదు. పుట్టలేదు, ఎవర్నీ కనలేదు, జత లేదు. నువ్వు మనసులో ఎట్లా బొమ్మ గీసుకున్నా ఆయన అది కాదు. బొమ్మ లేదు గాబట్టి మాకు మిగిలేది మా ఒళ్ళు, మా మాట. ఆ రెండూ కడుక్కోకుండా ఆయన ముందర యాడ నిలబడేది?"

అంతే. దాటవేత కాదు, అది ఆయన మర్యాద. నా దేవుడి కొలబద్దతో ఆయన దేవుణ్ణి కొలిచి, ఒక నిజాయితీపరుడికి అబద్ధాలకోరు ముద్ర వేశాను. ఆ సందులోంచి ఆయన మళ్ళీ నడవలేదు. ఈ తప్పు నేను దిద్దలేకపోయాను. మీలో ఎవరికైనా బస్సు తొందర పుడితే ఈ పేరా గుర్తు చేసుకోండి.

ప్రశ్న

అప్పటినుంచి ఎవరి చేత ప్రమాణం చేయించవలసి వచ్చినా ముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. "నీ దేవుడు ఎట్లుంటాడప్పా?" అని. వెంకోబారావు గారికి ఇది ఒళ్ళుమంట. "నువ్వు గుమాస్తావా, పురాణం చెప్పే పంతులువా?" అనేవారు. మా మున్సిఫు గారు ఇంకో రకం. ఆయన పూజా చేయరు, పూజ చేసేవాణ్ణి ఏమీ అనరు. నా నివేదికల్లో దేవుడన్న మాట ఎక్కడ కనబడ్డా ఎర్రసిరాతో కొట్టేసేవారు. "దేవుడికి ఈ కోర్టు సమను పంపలేదయ్యా" అనేవారు. మంచి న్యాయమూర్తి, నవ్వడం రాని మనిషి.

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులు రాస్తే పెద్ద గ్రంథమవుతుంది. ఆదోని పత్తి మార్కెట్టులో కేసరీచంద్ సేఠ్ అని ఒక జైన వర్తకుడు సాక్ష్యానికి వచ్చాడు. దేవుడు చూస్తున్నాడని చెప్పమంటే, "చూడడు సామీ" అన్నాడు. కోర్టంతా గొల్లున నవ్వింది. ఆయన చెక్కుచెదరలేదు. "మా తీర్థంకరులు లోకాన్ని చేయలేదు, తీర్పు చెప్పరు. గెలిచి, దాటిపోయినారు. వాళ్ళను చూసి మేం నడవాల. అబద్ధం చెప్తే శిక్ష వేసేవాడు లేడు. ఆ అబద్ధమే నన్ను పట్టుకొని ఉంటాది. క్షమించమందామంటే ఎవరినని అడిగేది?" అన్నాడు. తర్వాత తనకే నష్టమయ్యే సాక్ష్యం తొణక్కుండా చెప్పి వెళ్ళాడు. శిక్షించే దేవుడు లేకపోతే మనిషి పాడైపోతాడని అప్పటిదాకా నాకున్న అభిప్రాయాన్ని ఆ పూటతో మూట గట్టి అవతల పెట్టాను.

కొందరైతే దేవుడితో బేరానికి అలవాటు పడ్డవాళ్ళు. అబద్ధపు ప్రమాణం చేసి, తర్వాత పరిహారంగా టెంకాయలు కొడితే సరిపోతుందని వాళ్ళ లెక్క. అట్లాంటి వాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు. వాళ్ళకు దేవుడి గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడటం వచ్చు. ఎవరైతే జవాబుకు ముందు కాసేపు ఆగుతారో, వాళ్ళ ప్రమాణాన్నే నేను నమ్మేవాణ్ణి.

మార్తమ్మ

ఇక నా ఉద్యోగమంతటికీ విలువ తెచ్చిన వ్యాజ్యం.

ఎమ్మిగనూరుకు కొంత దూరంలోని ఒక పల్లె. అక్కడ మార్తమ్మ అనే క్రైస్తవ కూలీ మనిషి. భర్త పోయాడు, ఇద్దరాడపిల్లలు. ఆమెకున్నదల్లా రెండెకరాల చెలక, దానిలో ఒక బావి. ఒకప్పుడు అది ఆ ఊరి పెద్ద రైతు శరణప్ప గౌడ వాళ్ళ బీడు. గౌడ తండ్రి, "ఈడ బావి తవ్వి నీళ్ళు పడేటట్లు చేస్తే ఈ మడి నీదే" అని మార్తమ్మ మామకు నోటి మాటగా చెప్పాడట. మామా కొడుకూ ఏళ్ళ తరబడి రాయి పగలగొట్టి నీళ్ళు తెప్పించారు. కాగితం మాత్రం రాసుకోలేదు. మాట ఇచ్చినవాడు పోయాడు, పుచ్చుకున్నవాళ్ళు పోయారు. మాట విన్నవాళ్ళలో బతికున్నది శరణప్ప గౌడ ఒక్కడే. ఆ గౌడే ఇప్పుడు దావా వేశాడు. సాగు చేసుకోమని ఇచ్చాం తప్ప సొంతానికి ఇవ్వలేదు, ఖాళీ చేయాలని.

గౌడ వకీలు చురుకైనవాడు. విచారణ రోజున లేచి, "ఆమె మా ఊరి ఆంజనేయస్వామి గుళ్ళో కర్పూరం వెలిగించి, ఆర్పి, ఆ భూమి తనదేనని ప్రమాణం చేస్తే మేం దావా వదులుకుంటాం" అన్నాడు. వినడానికి ఎంత ధర్మంగా ఉందో చూడండి. చర్చి మనిషి గుళ్ళో ప్రమాణం చేయదని వాడికి తెలుసు. చేయనంటే, నిజమైతే భయమెందుకని అరవొచ్చు.

మున్సిఫు గారు మార్తమ్మను అడిగారు. ఆమె పైటకొంగు సర్దుకుని, "నేను ఆన పెట్టను సామీ" అంది.

గౌడ వకీలు విజయం సాధించినట్టు చుట్టూ చూశాడు. నా కలం కాగితం మీద "ప్రమాణం చేయడానికి ని" దాకా వచ్చి ఆగింది. నాకు నీలిరంగు మోచేతులు కనిపించాయి. లేచి నిలబడి, "సార్, కారణం కూడా రాయాలి కదా. ఆమెను ఒక మాట అడుగుతాను" అన్నాను. వెంకోబారావు గారు కళ్ళెర్రజేశారు. మున్సిఫు గారు మాత్రం అడగమన్నట్టు చెయ్యి ఊపారు.

"నీ దేవుడు ఎట్లుంటాడమ్మా?"

మార్తమ్మ కాసేపు ఆగింది.

"నాయన సామీ. మా ఇంట్లో నాయన మాదిరి. ఏమ్మా అది నువ్వే చేసినావా అని నాయన అడిగితే అవునంటాం, కాదంటాం. ఆన పెడతామా? ఆన పెట్టి నిజం చెప్పినామంటే, పెట్టని నాడు అబద్ధం చెప్పేటోళ్ళమే గదా. అది మా నాయనకు సిగ్గు." మళ్ళీ అంది. "ఆంజనేయుణ్ణి నేనేమీ అనను. ఊరోళ్ళ దేవుడు. కానీ ఆయప్ప ముందర నేను ఏం చెప్పినా అది నన్ను కట్టెయ్యదు సామీ. నన్ను కట్టని ఆన పెట్టి భూమి తీసుకుంటే అది దొంగతనం."

నేను ప్రతి ముక్కా రాసుకున్నాను. ఆమె అక్కడితో ఆగలేదు.

"ఆన కావల్లంటే గౌడనే పెట్టమనండి. ఇయ్యలేదని ఆయప్ప చెప్తే, నేను నా బిడ్డల్ని తీసుకొని పోతా."

ఆమె వకీలు ఉలిక్కిపడి, "నోరు ముయ్యమ్మా, ఏం మాట్లాడతాండావో తెలుసునా?" అని కేకేశాడు.

"తెలుసు. గుళ్ళో వద్దు. గుళ్ళో గౌడ దేవుడు లేడు. మెళ్ళో ఉన్నాడు. చిన్నప్పటినుంచి వాళ్ళ చేన్లలో కూలి చేసినా, రోజూ చూసినా. నీళ్ళు పోసుకొని, ఇబూతి పెట్టుకొని, ఆ లింగాన్ని ఎడమచేతిలో పెట్టుకొని చూస్తాడు. కండ్లలో నీళ్ళొస్తాయి గౌడకు. ఆయన్ను చూసుకుంటా గౌడను చెప్పమనండి, 'మా నాయన ఇయ్యలేదు' అని. చాలు."

శరణప్ప గౌడ వీరశైవుడు. వాళ్ళకు దేవుడు గుళ్ళో రాయి కాదు, దీక్షనాడు గురువు చేతుల మీదుగా వచ్చి, చచ్చేదాకా ఒంటి మీదనే ఉండేవాడు. ఆయన తల వంచుకుని, మెడలో లింగం పెట్టుకునే వెండికాయను చొక్కా పైనుంచి పట్టుకున్నాడు. జరిగేది మున్సిఫు గారు మార్తమ్మకు రెండుసార్లు విడమరిచి చెప్పారు. గౌడ ఆ మాట అన్నాడంటే భూమి పోతుంది, ఇంకెక్కడా చెప్పుకోవడానికి ఉండదు అని. రెండుసార్లూ "సరే సామీ" అంది. గౌడ వకీలు, కాదంటే పరువు పోతుందని తన కక్షిదారుణ్ణి అడక్కుండానే "మాకు సమ్మతం" అనేశాడు. గౌడ తలూపాడు.

బావి దగ్గర

ప్రమాణం చేయించడానికి నేనే పోయాను. ఎక్కడ చేస్తారని అడిగితే గౌడ, "యాడైనా ఒకటే. చేయి నాదే గదా" అన్నాడు. ఆ బావి గట్టునే అనుకున్నారు.

ఆ పొద్దున చెలకలోకి నడుస్తుంటే నాకు ఒకటే ఆలోచన. నేను ప్రశ్న అడగకపోతే ఆమె అంత దూరం మాట్లాడి ఉండేదే కాదు. ఈ మనిషి అబద్ధమాడితే ఇద్దరు పిల్లలు వీధిన పడేది నా తెలివి వల్లే. భయపడ్డాను. భయపడలేదని రాస్తే ఈ కాగితానికి విలువ ఉండదు.

ఊరు సగం అక్కడే ఉంది. గౌడ స్నానం చేసి, తడిబట్టతో, నుదుట విభూతితో వచ్చి బండ మీద కూర్చున్నాడు. వెండికాయ తెరిచి లింగాన్ని తీసి ఎడమ అరచేతిలో పెట్టుకున్నాడు. మార్తమ్మ పిల్లల చేతులు పట్టుకుని గట్టుకు అవతల నిలబడింది. కోర్టు ఒప్పుకున్న వాక్యం నేను చదివాను. "ఈ భూమిని మా తండ్రి వీళ్ళకు సొంతానికి ఇవ్వలేదు."

ఈ పనిలో నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. వాక్యాన్ని ఒక్కసారే చదవాలి. తర్వాత నోరు మూసుకోవాలి. దగ్గకూడదు, గడియారం చూడకూడదు, చెప్పప్పా అని తొందరపెట్టకూడదు. ఆ మౌనం మనది కాదు, ఆ మనిషిది.

గౌడ లింగాన్ని చూస్తున్నాడు. గౌడ వకీలు దగ్గరి గుమాస్తా పక్కనుంచి, "చెప్పండి గౌడా, ఒక్క మాటే గదా" అన్నాడు. నేను వాడి వైపు చూసిన చూపుకు వాడు రెండడుగులు వెనక్కు పోయాడు. గౌడ లింగం జారకుండా కుడిచేతిని కింద ఆనించాడు.

"మా నాయన్ను మట్టిలో పెట్టిన నాడు," అన్నాడు మెల్లగా, మాతో కాదు, అరచేతితో, "ఇట్లనే కూర్చోబెట్టి, చేతిలో లింగం పెట్టి పంపిస్తిమి. ఆ చేతిలో నువ్వే ఉంటివి. ఈ చేతిలో నువ్వే ఉండావు. ఎట్లా చెప్పేది శివా?"

తర్వాత తలెత్తి గట్టిగా, ఊరంతా వినేట్టు అన్నాడు.

"ఇచ్చినాడు. మా నాయన ఇచ్చినాడు. నేను ఈడనే ఉంటిని. బండ పగిలి నీళ్ళు ఎగజిమ్మిన నాడు, 'ఈ మడి నీదేలేప్పా' అన్నాడు. నా కొడుకుల మాట విని దావా ఏసినా. తప్పు నాది."

కూలీజనం ఒక్కసారిగా వేసిన కేకకు ఎడ్లు బెదిరాయి. నాకు కళ్ళనీళ్ళాగలేదు, తుడుచుకోనూ లేదు. కమిషనరు ఏడవకూడదని చట్టంలో ఎక్కడా లేదు. మార్తమ్మ గట్టు దాటి వచ్చి గౌడకు చేతులెత్తి దండం పెట్టింది.

"నాకు తెలుసు గౌడా, నువ్వు చెప్పలేవని. అందుకే నీ దేవుణ్ణి అడిగినా," అంది.

గౌడ లింగాన్ని కళ్ళకద్దుకుని వెండికాయలో పెట్టాడు. ఆ బావి నీళ్ళే ఒక చెంబుడు తెప్పించుకుని తాగి, ఇంటికి పోయాడు. ఓడిపోయి పోతున్న నడక కాదది. నా సర్వీసులో వ్యాజ్యం పోగొట్టుకున్నవాడు అంత తేలిగ్గా నడిచి వెళ్ళడం ఇంకెప్పుడూ చూడలేదు.

ఎర్రసిరా

మర్నాడు నివేదిక మున్సిఫు గారి బల్ల మీద పెట్టాను. మొదటి వాక్యం నాకు బాగా తెలిసిన వాక్యమే. "ప్రమాణం చేయడానికి నిరాకరించారు." దాని కింద, ఖాదర్ సాబు విషయంలో నేను ఖాళీగా వదిలిన చోట, ఈసారి కారణం రాశాను. "దేవుడు అరచేతిలో ఉన్నందున అబద్ధం చెప్పలేకపోయారు."

ఆయన చదివారు. ఎర్రసిరా కలం అందుకున్నారు. వెంకోబారావు గారు నా గతి ఇంతేనన్నట్టు నిట్టూర్చారు.

"ఇది నీ మాటా, వాళ్ళ మాటా?" అని అడిగారు మున్సిఫు గారు.

"జరిగింది అదే సార్. ఇంకో కారణం రాస్తే నేను అబద్ధం రాసినట్టవుతుంది."

ఆయన ఆ వాక్యం మీద కలం అట్లాగే పట్టుకుని కొంతసేపున్నారు. తర్వాత ఎర్ర కలం మూతపెట్టి పక్కన పెట్టేశారు. నల్లసిరా కలం తీసి, వాక్యం ముట్టుకోకుండా, కింద సంతకం చేశారు. దావా కొట్టివేశారు, భూమి మార్తమ్మది.

"తర్వాత ఎవరయ్యా?" అన్నారు. బయట బంట్రోతు కేక వేశాడు. ఎవరో ఒక ముసలాయన తలగుడ్డ తీసి చేత పట్టుకుని లోపలికి వచ్చాడు. నేను కొత్త కాగితం తీసుకుని, ఆయనకు కూర్చోవడానికి చోటు చూపించి, అడిగాను.

"నీ దేవుడు ఎట్లుంటాడప్పా?"

ఈసారి వెంకోబారావు గారు కూడా జవాబు కోసం తలెత్తి చూస్తున్నారు.